కోర్సికానా ఆయిల్ సిటీస్ బేస్‌బాల్ జట్టు, 1902–1905

#1 ఎర్రనేల

సభ్యులందరికీ నమస్కారం. డాలస్ నుంచి హ్యూస్టన్‌కు కారులో వెళ్ళే తెలుగువారిలో చాలామంది దారిలో కోర్సికానా ఊళ్ళో ఆగే ఉంటారు. మా కుటుంబం పియర్‌ల్యాండ్‌లోని మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్ళినప్పుడల్లా అక్కడ ఆగి, 1896 నుంచి ఆ ఊళ్ళో నడుస్తున్న కాలిన్ స్ట్రీట్ బేకరీ ఫ్రూట్‌కేకు కొనుక్కోవడం అలవాటు. చాలా ఏళ్ళపాటు నాకు కోర్సికానా అంటే ఆ కేకు మాత్రమే. ఆ చిన్న ఊరికి ఒకప్పుడు జీతాలు తీసుకుని ఆడే ఆటగాళ్ళతో సొంత బేస్‌బాల్ జట్టు ఉండేదని, అది టెక్సస్ లీగులో డాలస్‌ను, ఫోర్ట్ వర్త్‌ను వెనక్కి నెట్టి మొదటి స్థానంలో నిలిచిందని, ఆ తరువాత మూడేళ్ళకే మూతపడిందని తెలిసిన నాటి నుంచి ఆ ఊరి మీదుగా వెళ్ళిన ప్రతిసారీ ఆ జట్టే గుర్తుకు వస్తున్నది.

ఆ జట్టు గురించి ఎక్కడ వెతికినా 1902 జూన్ 15న అది టెక్సార్కానా జట్టును 51–3 తేడాతో ఓడించిన సంగతి ఒక్కటే కనిపిస్తుంది. మిగిలిన నాలుగేళ్ళ చరిత్ర ఆ అంకె నీడలో కలిసిపోయింది. ఆ చరిత్రను తెలుగులో ఒకచోట చేర్చాలనే కోరికతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందుగా కొంత నేపథ్యం. 1901 సెప్టెంబరులో అమెరికాలోని చిన్న లీగుల అధిపతులు చికాగోలో సమావేశమై ఒక జాతీయ సంఘంగా ఏర్పడ్డారు. పెద్ద లీగులు, అంటే దేశంలోని అగ్రశ్రేణి లీగులు, తమ ఆటగాళ్ళను ఇష్టం వచ్చినట్టు ఎగరేసుకుపోకుండా కాపాడుకోవడం, లీగులను ఎ నుంచి డి వరకు తరగతులుగా విభజించడం ఆ సంఘం చేసిన మొదటి పనులు. ఆ తరువాతి ఏడాదే తిరిగి మొదలైన టెక్సస్ లీగుకు అట్టడుగు తరగతి అయిన డి దక్కింది. 1900 జనాభా లెక్కల ప్రకారం డాలస్‌లో 42 వేలకు పైగా, ఫోర్ట్ వర్త్‌లో 26 వేలకు పైగా జనం ఉండగా, కోర్సికానాలో ఉన్నది 9 వేల పైచిలుకు మాత్రమే. అటువంటి ఊరి జట్టు 1902 సీజన్‌లో పది ఆటలకు దాదాపు ఎనిమిది చొప్పున గెలిచింది. అందులో వరుసగా గెలిచినవే 27. ఆ 27 విజయాల రికార్డును 1921లో బాల్టిమోర్ ఓరియోల్స్ సమం చేసింది గానీ, దాటింది మాత్రం 1987లో 29 ఆటలు గెలిచిన సాల్ట్ లేక్ ట్రాపర్స్ జట్టే. అంటే 85 ఏళ్ళు నిలిచిన రికార్డు అది.

తెలిసినవారు తమకు తెలిసినది చేర్చవలసిందిగా కోరుతున్నాను.

#2 కవర్‌డ్రైవ్

ఎర్రనేల గారికి ధన్యవాదాలు. నేను క్రికెట్ మాత్రమే తెలిసినవాడిని, కనుక ఒక సందేహం. క్రికెట్‌లో 51 పరుగులంటే లెక్కలోకి రాని స్కోరు. బేస్‌బాల్‌లో ఆ సంఖ్య ఎంత పెద్దదో మాబోటివారికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా?

మీ మొదటి మాట చదవగానే నాకు వేరొక స్కోరు గుర్తుకు వచ్చింది. 1993–94 రంజీ ట్రోఫీలో సికింద్రాబాద్‌లో జరిగిన ఆటలో హైదరాబాద్ జట్టు మా ఆంధ్ర జట్టు మీద 6 వికెట్లకు 944 పరుగులు చేసి డిక్లేర్ చేసింది. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. ఈ మూడు పేర్లూ మా స్నేహితులందరికీ కంఠతా వచ్చు. ఆ ఎండలో ఆ ఓవర్లన్నీ వేసిన ఆంధ్ర బౌలర్ల పేర్లు మాత్రం మాలో ఒక్కరికీ రావు. కోర్సికానా ఆటలో ఓడినవారి పరిస్థితి కూడా ఇదేనా?

#3 పాతస్కోరుకార్డు

కవర్‌డ్రైవ్ గారూ, బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు తొమ్మిది ఇన్నింగ్స్ ఆడుతుంది. ఇన్నింగ్స్‌కు ముగ్గురు అవుటయితే అవతలివారి వంతు వస్తుంది. కాబట్టి ఆట మొత్తంలో ఒక జట్టుకు దక్కేవి 27 అవుట్లు. వీటిలో నాలుగైదు పరుగులు చేస్తే అది మామూలు రోజు, పది దాటితే పండుగ. 1900 తరువాత పెద్ద లీగులలో ఒక జట్టు ఒక ఆటలో చేసిన అత్యధిక పరుగులు 30, అది 2007 ఆగస్టు 22న ఆర్లింగ్టన్‌లోని మన టెక్సస్ రేంజర్స్ జట్టు బాల్టిమోర్‌లో సాధించింది. దాని పక్కన 51ని పెట్టి చూడండి.

ఇక ఆ రోజు సంగతి. అది ఆదివారం. ఆదివారం నాడు ఆటలు ఆడరాదన్న నిషేధం కోర్సికానాలో అమలులో ఉన్నందున, ఆటను డాలస్ వైపు 20 మైళ్ళ దూరంలో ఉన్న ఎనిస్ అనే రైల్వే ఊరికి మార్చారు. వృత్తి బేస్‌బాల్ కోసం కట్టిన మైదానం కాదది. కుడివైపు కంచె బ్యాటర్ నిలిచే చోటికి 210 అడుగుల దూరంలోనే ఉండేదని, ఇంకా దగ్గరగానే ఉండేదని రెండు రకాలుగానూ చెబుతారు. 1958 తరువాత కట్టిన పెద్ద లీగు మైదానాలలో ఆ దూరం కనీసం 325 అడుగులు ఉండాలన్నది నియమం. కోర్సికానా క్యాచర్ (బ్యాటర్ వెనుక కూర్చుని బంతిని అందుకునేవాడు) జే క్లార్క్ ఎడమచేతి వాటం బ్యాటర్. ఎడమచేతి వాటం వారు బలంగా లాగి కొట్టిన బంతి సహజంగా కుడివైపుకే పోతుంది. కెనడాలోని ఆమ్‌హర్స్ట్‌బర్గ్‌లో పుట్టిన, ఇంకా ఇరవై ఏళ్ళు నిండని ఆ కుర్రవాడు ఎనిమిదిసార్లు బ్యాటింగ్‌కు వచ్చి ఎనిమిదిసార్లూ హోమ్ రన్ (మీ క్రికెట్‌లో సిక్సర్ వంటిది, బంతి కంచె దాటితే పరుగు ఖాయం) కొట్టాడు. అతనితోపాటు బిల్ అలెగ్జాండర్, ఐక్ పెండిల్టన్ కూడా చెరి ఎనిమిది హిట్లు (బంతిని కొట్టి, పరుగు దారిలో బేస్ అనే మజిలీకి క్షేమంగా చేరడం) సాధించారు. జట్టు మొత్తం హిట్లు 53.

టెక్సార్కానా తరఫున పిచ్చర్, అంటే బంతి వేసేవాడి, పేరు డెవిట్. ఆ జట్టు యాజమాన్యంలో వాటా ఉన్న కుటుంబం వాడు గనుకనే అతనికి బంతి దక్కిందని, దెబ్బతింటున్నా ఎవరూ మార్చలేదని కథగా చెబుతారు. కారణం ఏదైనా, ఆట చివరివరకు బంతి వేసినది అతనే. కనీసం ఇంటి పేరైనా మిగిలింది కాబట్టి, మీ ఆంధ్ర బౌలర్ల కంటే అతను కొంత అదృష్టవంతుడనే అనుకోవాలి.

#4 గట్టుమీద

నాకు ఈ కథ మీద మొదటి నుంచీ అనుమానమే, మర్యాదగానే చెబుతున్నాను. జే క్లార్క్ ఆ తరువాత 1905 నుంచి 1920 మధ్య పెద్ద లీగులలో తొమ్మిది సీజన్లు ఆడాడు. ఆ మొత్తం కాలంలో అతను కొట్టిన హోమ్ రన్లు ఆరు. జీవితమంతా ఆరు కొట్టినవాడు ఒక మధ్యాహ్నం ఎనిమిది కొట్టాడంటే ఎలా నమ్మాలి? నాటి వార్తలు తంతి ద్వారా వెళ్ళేవి. స్కోరు చేరవేస్తున్న గుమాస్తాలు 51 అన్న అంకెను పొరపాటుగా భావించారని ఈ కథతో పాటే చెప్పుకుంటారు కదా. పరుగుల అంకె మీదే గందరగోళం ఉన్నప్పుడు హోమ్ రన్ల అంకె మాత్రం నిఖార్సుగా మనదాకా వచ్చిందా?

#5 పాతస్కోరుకార్డు

గట్టుమీద గారి అనుమానం న్యాయమైనదే, ఈ ప్రశ్న అమెరికా చరిత్రకారులు కూడా వేసినదే. అయితే ఆరు, ఎనిమిది అంకెలను పక్కపక్కన పెట్టేముందు రెండు విషయాలు చూడాలి.

మొదటిది కాలం. క్లార్క్ పెద్ద లీగులలో ఆడిన ఏళ్ళలో చాలా భాగాన్ని బేస్‌బాల్ చరిత్రలో మందకొడి బంతి యుగంగా లెక్కిస్తారు. ఒకే బంతిని మట్టి పట్టి, ఉమ్ము తడిసి, మెత్తబడిపోయేదాకా వాడేవారు. మైదానాలు విశాలంగా ఉండేవి. లీగు మొత్తంలో అత్యధిక హోమ్ రన్లు కొట్టినవాడికే ఏడాదికి పది రావడం గొప్ప. రెండవది అతని పని. క్లార్క్ క్యాచర్, అంటే బ్యాట్ కంటే చేతి తొడుగుతోనే ఎక్కువ గౌరవం పొందేవాడు. 1908 అక్టోబరు 2న క్లీవ్‌లాండ్ పిచ్చర్ ఆడీ జాస్ 27 మంది బ్యాటర్లలో ఒక్కరినీ బేస్ మీదకు చేరనీయకుండా పర్‌ఫెక్ట్ గేమ్ వేసినప్పుడు, ఎదురుగా కూర్చుని ఆ బంతులు అందుకున్నది ఈ క్లార్కే. నా దృష్టిలో అతని జీవితంలో అతి గొప్ప మధ్యాహ్నం అదే, ఎనిస్‌లోది కాదు.

పొట్టి కంచె, అలసిన పిచ్చర్, ఎడమచేతి వాటం, ఈ మూడూ కలిసిన రోజున ఎనిమిది జరగదగినదే. వృత్తి బేస్‌బాల్‌లో ఒక ఆటగాడు ఒక ఆటలో కొట్టిన అత్యధిక హోమ్ రన్ల సంఖ్యగా అది నేటికీ నమోదై ఉంది. పెద్ద లీగులలో నాలుగుకు మించి ఎవరూ పోలేదు. నేను ఆ నమోదును అంగీకరిస్తాను. దాన్ని ప్రతిభకు కొలతగా మాత్రం తీసుకోను.

#6 బావులలెక్క

ఆట గురించి నాకు తెలిసినది తక్కువ, కానీ జట్టు పేరులోని ఆయిల్ గురించి చెప్పగలను. నేను నరసాపురం పరిసరాలలో చమురు బావుల తవ్వకంలో కొన్నేళ్ళు పనిచేసి, ఇప్పుడు హ్యూస్టన్‌లో అదే రంగంలో ఉన్నాను. మా వృత్తిలో ఉన్నవారికి కోర్సికానా ఒక పుణ్యక్షేత్రం వంటిది.

1894లో ఆ ఊరివారు తవ్వించినది మంచినీళ్ళ కోసం. వెయ్యి అడుగులు దాటాక నీళ్ళకు ముందే నూనె పడింది. ఊరి పెద్దలకు అది మొదట విసుగే కలిగించింది. కొద్ది ఏళ్ళలోనే ఇళ్ళ పెరళ్ళలో, వీధుల పక్కన బావుల గోపురాలు లేచాయి. పెన్సిల్వేనియా నుంచి జోసెఫ్ కల్లినన్ అనే వ్యాపారి వచ్చి 1898లో అక్కడ శుద్ధి కర్మాగారం నడపడం మొదలుపెట్టాడు. 1900 నాటికి ఏడాదికి 8 లక్షల పీపాలకు పైగా చమురు అక్కడి నుంచి వచ్చేది. టెక్సస్‌లో వ్యాపార స్థాయిలో చమురు తీసిన మొదటి క్షేత్రం అదే.

అయితే తేదీలు జాగ్రత్తగా గమనించండి. 1901 జనవరి 10న బోమాంట్ దగ్గర స్పిండిల్‌టాప్ బావి ఎగజిమ్మింది. కోర్సికానా ఏడాదంతా తీసినంత నూనెను అది కొద్ది రోజులలోనే చిమ్మగలిగింది. ఆ బావిని తవ్వినవారు కోర్సికానా నుంచి వెళ్ళిన హామిల్ సోదరులు, వాడినది కోర్సికానాలో ఆరితేరిన రోటరీ తవ్వకం పద్ధతి. ఇసుక పొరలలో బావి గోడలు కూలకుండా ఉండేందుకు, గుంటలోకి పశువులను తోలి తొక్కించి, ఆ బురద నీటినే బావిలోకి పంపారని మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కల్లినన్ కూడా బోమాంట్ చేరి, తరువాత టెక్సాకోగా పేరుపొందిన కంపెనీకి పునాది వేశాడు.

అంటే 1902లో ఆయిల్ సిటీస్ అనే పేరుతో జట్టు మైదానంలోకి దిగేనాటికే చమురు రాజధాని అన్న గౌరవం కోర్సికానా చేయి జారిపోయింది. చేతిలో ఇంకా డబ్బు ఉంది, పేరు మాత్రం పక్క ఊరికి పోయింది. అటువంటి సమయంలో ఒక ఊరు తన పేరును చొక్కాల మీద రాసుకుని డాలస్‌ను ఓడించాలని ఎంత తపించి ఉంటుందో నేను ఊహించగలను. ఇది నా అభిప్రాయం, రుజువు అడిగితే చూపలేను.

#7 ఎర్రనేల

బావులలెక్క గారూ, ఈ కోణం నాకు తట్టనే లేదు, కృతజ్ఞతలు. నేను ఊరి సంపద వల్ల జట్టు పుట్టిందని మాత్రమే అనుకుంటూ వచ్చాను.

ఆ జట్టు వెనుక ఉన్న మనిషి పేరు జె. డోక్ రాబర్ట్స్. మైదానంలో సారథి మైక్ ఓకానర్ అయితే, డబ్బు, బేరాలు, ఆటగాళ్ళ ఎంపిక రాబర్ట్స్ చూసుకునేవాడు. ఆ 1902 జట్టులో షార్ట్‌స్టాప్‌గా (రెండవ, మూడవ బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డరుగా) ఆడిన వాల్టర్ మోరిస్, యజమాని రాబర్ట్స్, ఇద్దరూ తరువాతి కాలంలో వేర్వేరు సమయాలలో టెక్సస్ లీగు అధ్యక్షులయ్యారు. 9 వేల జనం ఉన్న ఊరి జట్టు ఒక లీగుకు ఇద్దరు అధ్యక్షులను ఇవ్వడం 51 పరుగుల కంటే నాకు విలువైన విషయంగా తోస్తున్నది.

#8 టికెట్టుముక్క

నేను చిన్న ఊళ్ళ ఆట సంఘాల జమాఖర్చులు చూసే పనిలో చాలాకాలం ఉన్నాను, అందువల్ల ఈ జట్టు ఎందుకు నిలవలేదన్న ప్రశ్న నన్ను ఎక్కువగా పట్టి లాగుతున్నది. గెలుస్తున్న జట్టు మూతపడడం బయటివారికి వింతగా ఉంటుంది గానీ, లెక్క వేస్తే వింత లేదు.

నాటి చిన్న లీగు జట్టుకు ఆదాయం ప్రధానంగా గేటు దగ్గర వచ్చే టికెట్టు సొమ్ము. రేడియో లేదు, టెలివిజన్ హక్కులు లేవు, పెద్ద లీగు జట్టు పోషణ అసలే లేదు. పెద్ద జట్లు చిన్న జట్లను కొని తమ ఆటగాళ్ళకు శిక్షణ కేంద్రాలుగా నడిపే పద్ధతి రావడానికి ఇంకా రెండు దశాబ్దాలు పట్టింది. విద్యుద్దీపాల కింద రాత్రి ఆటలు చిన్న లీగులలో 1930లో గానీ రాలేదు. కనుక ఆట జరిగేది పని రోజులలో మధ్యాహ్నం పూట. బావుల దగ్గర, పత్తి జిన్నులలో, రైల్వే షెడ్లలో పనిచేసేవారికి ఆ వేళ తీరిక ఎక్కడిది? వారికి ఖాళీ దొరికే ఒకే ఒక్క రోజు ఆదివారం, ఆ ఒక్క రోజే ఊళ్ళో ఆట నిషేధం. పాతస్కోరుకార్డు గారు చెప్పిన ఎనిస్ ప్రయాణాన్ని నేను ఈ కోణంలో చూస్తాను. ఆ ఆటను పక్క ఊరికి మోసుకుపోయినది సరదా కోసం కాదు, వారం మొత్తంలో గేటు నిండే రోజును వదులుకోలేక.

ఖర్చు వైపు ఆటగాళ్ళ జీతాలు, రైలు టికెట్లు, పరాయి ఊళ్ళో వసతి, మైదానం బాడుగ ఉంటాయి. జట్టు బాగా ఆడినకొద్దీ జీతాలు పెరుగుతాయి, ఊరి జనాభా మాత్రం పెరగదు. దీనికి తోడు, ఒక్క జట్టే పదికి ఎనిమిది ఆటలు గెలుస్తూ పోతే మిగిలిన ఊళ్ళలో జనానికి ఆసక్తి చస్తుంది. సీజన్ మధ్యలో ఆ లీగుకు చేరిన టెక్సార్కానా జట్టు 1902 సీజన్ ముగియకుండానే మూతపడింది. ఎదుటి జట్టు లేకపోతే గెలిచేది ఎవరి మీద? కోర్సికానా తన గెలుపులతోనే తన లీగును కొంత బలహీనపరిచిందని నా అభిప్రాయం.

ఇంత ఇరుకులో చిన్న జట్టు యజమానికి మిగిలిన మార్గం ఒక్కటే, మంచి కుర్రవాడిని వెతికి పట్టుకోవడం, రెండేళ్ళు ఆడించడం, పై లీగుకు అమ్మడం. రాబర్ట్స్‌కు ఆ విద్య బాగా తెలుసు.

#9 పాతస్కోరుకార్డు

టికెట్టుముక్క గారి మాటకు 1904 సీజన్ మంచి ఉదాహరణ. ఆ ఏడాది కోర్సికానా మళ్ళీ విజేత అయింది, అదీ ఫోర్ట్ వర్త్‌తో ఏకంగా 19 ఆటల తుది పోరు ఆడి, 11–8 తేడాతో. పెద్ద లీగుల తుది పోరైన నేటి వరల్డ్ సిరీస్ అత్యధికంగా ఏడు ఆటలు. ఆ రెండు జట్లు 19 ఆటలు ఎందుకు ఆడాయి అంటే, లీగులో గేటు నింపగలిగిన జంట అదే కాబట్టి, ఎన్ని ఆటలు పెడితే అంత రాబడి కాబట్టి, అని నా ఊహ.

అయినా అది జట్టును బతికించలేదు. 1905లో టెక్సస్ లీగు ఆరు జట్లతో మొదలైంది, సీజన్ తొలి భాగంలోనే కోర్సికానా తప్పుకున్నది. ఆస్టిన్ కూడా నిలవలేదు. విజేతగా నిలిచిన తొమ్మిది నెలలకల్లా జట్టు లేదు. తరువాత 1920లలో చిన్నచిన్న లీగులలో కోర్సికానా పేరుతో జట్లు వచ్చాయి గానీ, డాలస్‌తో సమానంగా ఒకే లీగులో నిలబడిన రోజులు తిరిగి రాలేదు.

#10 కవర్‌డ్రైవ్

చదువుతున్నకొద్దీ ఆ జట్టు మీద అభిమానం పెరుగుతున్నది. ఒక ప్రశ్న మాత్రం అడగకుండా ఉండలేను. 1902లో టెక్సస్‌లో నల్లజాతి ఆటగాళ్ళు ఈ లీగులో ఆడగలిగేవారా?

#11 ఎర్రనేల

లేదు. 1880ల చివరి నుంచి వృత్తి లీగులలో వారికి తలుపులు మూసివేశారు. రాసిన చట్టం ఏదీ లేకపోయినా యజమానులందరూ పాటించిన కట్టుబాటు అది. కోర్సికానాకు దక్షిణాన, అదే మధ్య టెక్సస్‌లో ఉన్న కాల్వర్ట్ అనే ఊళ్ళో 1879లో పుట్టిన రూబ్ ఫాస్టర్ ఆ రోజులలో టెక్సస్ నల్లజాతి జట్లలో పేరుమోసిన పిచ్చర్. కోర్సికానా 27 ఆటలు వరుసగా గెలిచిన ఆ 1902లోనే అతను ఉత్తరాదికి, చికాగోకు వెళ్ళిపోయాడు. తరువాత 1920లో నీగ్రో నేషనల్ లీగును స్థాపించినది అతనే.

ఆ 27 విజయాల గురించి గొప్పగా చెప్పేటప్పుడు, ఆ జట్టుకు ఎదురుగా ఫాస్టర్ వంటి పిచ్చర్ ఎన్నడూ నిలబడనివ్వబడలేదన్న మాట కూడా చేర్చి చెప్పాలి. చెప్పకపోతే రికార్డు సగమే చెప్పినట్టు.

#12 గట్టుమీద

ఈ మాట చెప్పినందుకు ఎర్రనేల గారికి ధన్యవాదాలు. నేను రాబర్ట్స్ గురించి ఒక అభ్యంతరం చెప్పదలచాను. ఆయన్ను ఇక్కడ కొంచెం ఎక్కువగా మెచ్చుకుంటున్నట్టుంది. కోర్సికానా పోయాక ఆయన ఏమి చేశారో చూడండి. 1906లో ఫోర్ట్ వర్త్‌కు దక్షిణాన ఉన్న క్లీబర్న్‌లో జట్టు పెట్టారు. శాంటా ఫే రైల్వే కర్మాగారాలు ఉన్న ఊరు కనుక దానికి రైల్‌రోడర్స్ అని పేరు. ఆ జట్టు ఆ ఏడాదే టెక్సస్ లీగు విజేతగా నిలిచింది. మరుసటి ఏడాది రాబర్ట్స్ ఆటగాళ్ళను వెంటబెట్టుకుని హ్యూస్టన్‌కు వెళ్ళిపోయారు. క్లీబర్న్‌కు మిగిలినది ఒకే ఒక్క సీజన్. జట్టు గెలిచిందని ఊరేగిన జనానికి మరుసటి వేసవిలో మైదానం ఖాళీ. ఊరి అభిమానాన్ని పెట్టుబడిగా తీసుకుని, లాభం మాత్రం వెంట తీసుకుపోయినవారిని మెచ్చుకోవడం నాకు సాధ్యం కాదు.

#13 టికెట్టుముక్క

మీ బాధ అర్థమయింది. కానీ క్లీబర్న్‌లోనే ఆగిపోయి ఉంటే ఏమి జరిగేది? 1907లో ఉత్తర టెక్సస్ జట్లు, దక్షిణాది జట్లు కలిసి ఒకే పెద్ద లీగు అయ్యాయి. ఒకవైపు డాలస్, ఫోర్ట్ వర్త్, మరొకవైపు హ్యూస్టన్, గాల్వెస్టన్, శాన్ ఆంటోనియో. ఈ ఊళ్ళ మధ్య రైలు ఖర్చును క్లీబర్న్ గేటు సొమ్ము మోయగలిగేది కాదు. ఆయన వెళ్ళి ఉండకపోతే జట్టు అక్కడే అప్పులలో మునిగి, ఆటగాళ్ళు జీతాలు అందక చెల్లాచెదురయ్యేవారు. నేను చూసిన పద్దు పుస్తకాలలో ఇటువంటి ముగింపులే ఎక్కువ. ఊరికి జరిగిన నష్టాన్ని కాదనను, తప్పంతా ఒక మనిషిదేనని మాత్రం ఒప్పుకోను.

#14 పాతస్కోరుకార్డు

క్లీబర్న్ ప్రస్తావన వచ్చింది కనుక ట్రిస్ స్పీకర్ గురించి రాయకుండా ఉండలేను. కోర్సికానాకు దగ్గరలోనే ఉన్న హబ్బర్డ్ ఊరి కుర్రవాడు. 1906లో, 18 ఏళ్ళ వయసులో, రాబర్ట్స్ అతన్ని క్లీబర్న్ జట్టులోకి తీసుకున్నాడు. రైలు టికెట్టుకు ఒక డాలరు ఇస్తే, స్పీకర్ ఆ డాలరు జేబులో వేసుకుని గూడ్సు బండి ఎక్కి వచ్చాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఎడమచేతి వాటం పిచ్చర్‌గా చేరి, వరుసగా ఓడిపోతుండడంతో అవుట్‌ఫీల్డుకు మారాడు. జట్టుతోపాటు 1907లో హ్యూస్టన్‌కు వెళ్ళి 0.314 సగటు సాధించాడు. ఆ ఏడాదే బోస్టన్ అతన్ని కొన్ని వందల డాలర్లకు కొన్నది.

ఆ తరువాత 3,514 హిట్లు, 0.345 జీవిత సగటు, 792 డబుల్స్ (ఒకే దెబ్బకు రెండవ బేస్ చేర్చిన హిట్లు). ఈ చివరి అంకెను ఇప్పటిదాకా ఎవరూ అందుకోలేదు. 1920లో క్లీవ్‌లాండ్‌కు సారథిగా వరల్డ్ సిరీస్ గెలిపించాడు. 1937లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు. ఎర్రనేల గారు పైన రాసిన మాటకు సంబంధించిన మరొక సంగతి: 1947లో అమెరికన్ లీగులో మొదటి నల్లజాతి ఆటగాడిగా లారీ డోబీ క్లీవ్‌లాండ్‌లో అడుగుపెట్టిన తరువాత, అతనికి సెంటర్ ఫీల్డు ఆడడం దగ్గరుండి నేర్పినవారిలో వృద్ధుడైన స్పీకర్ ఒకడు.

గట్టుమీద గారూ, ఒక్క ఏడాది మాత్రమే బతికిన క్లీబర్న్ జట్టు లేకపోతే ఈ కుర్రవాడు ఏ పత్తి పొలంలోనో, ఏ గడ్డిమైదానం జట్టులోనో మిగిలిపోయేవాడేమో. ఊరికి మిగిలినది ఒక్క సీజనే కావచ్చు, ఆటకు మిగిలినది మాత్రం అంతకంటే చాలా ఎక్కువ.

#15 గట్టుమీద

స్పీకర్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. రాబర్ట్స్ విషయంలో నా అభిప్రాయం మారలేదు, అలాగే ఉంచుకోవడానికి అనుమతించండి.

#16 బావులలెక్క

క్లీబర్న్‌కు ఆలస్యంగానైనా న్యాయం జరిగిందని చెప్పాలి. 2017లో ఆ ఊళ్ళో కొత్త మైదానం కట్టుకుని, అదే రైల్‌రోడర్స్ పేరుతో, ఏ పెద్ద లీగు జట్టుకూ అనుబంధం కాని జట్లు ఆడే అమెరికన్ అసోసియేషన్‌లో జట్టును నడుపుతున్నారు. 1906 తరువాత 111 ఏళ్ళకు. కిందటి వేసవిలో మా ఇంటిల్లిపాదీ వెళ్ళి ఒక ఆట చూశాం. గూడ్సు బండి కూత మైదానంలోకి వినిపిస్తుంటే మా అబ్బాయి స్కోరు వదిలేసి పెట్టెలు లెక్కపెట్టాడు.

#17 ఎర్రనేల

కోర్సికానా ఆడిన టెక్సస్ లీగు మాత్రం చచ్చిపోలేదు. మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ జట్టు 2003 నుంచి అదే లీగులో ఆడుతున్నది. ఫ్రిస్కోలో, చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న తెలుగు కుటుంబాలలో పిల్లలను ఆ మైదానానికి తీసుకువెళ్ళనివారు తక్కువ. వారు చూస్తున్నది రాబర్ట్స్ జట్లు నడిపిన, క్లార్క్, స్పీకర్ ఆడిన లీగేనని చెప్పేవారు లేరు.

2021లో పెద్ద లీగు యాజమాన్యం చిన్న లీగులన్నిటినీ తన అధీనంలోకి తీసుకుని, అనుబంధ జట్ల సంఖ్యను 160 నుంచి 120కి తగ్గించింది. అనుబంధం కోల్పోయిన జట్లలో చాలావరకు చిన్న ఊళ్ళవే. ఆ ఏడాది టెక్సస్ లీగుకు పాత పేరు కూడా తీసేసి, డబుల్ ఎ సెంట్రల్ అని పెట్టారు. మరుసటి ఏడాది పేరు తిరిగి ఇచ్చారు. ఊళ్ళకు జట్లు తిరిగి ఇవ్వలేదు. టికెట్టుముక్క గారి లెక్కలలో 1905కూ 2021కీ ఎంత తేడా ఉందో తెలుసుకోవాలని ఉంది.

#18 టికెట్టుముక్క

తేడా ఉంది. 1905లో ఊరు జట్టును మోయలేక వదిలేసింది, జనం రాలేదు, డబ్బు చాలలేదు, తలుపులు మూసుకున్నాయి. 2021లో జనం వస్తున్న కొన్ని ఊళ్ళ నుంచి కూడా, మైదానం సదుపాయాలు చాలవని, ప్రయాణ దూరం ఎక్కువని, ఆ ఊళ్ళో లేనివారు నిర్ణయించి జట్లను తప్పించారు. మొదటిది నాకు బాధ కలిగిస్తుంది, రెండవది కోపం తెప్పిస్తుంది.

#19 కవర్‌డ్రైవ్

ఎర్రనేల గారికి ఒక విన్నపం. ఈ చర్చకు మీరు పెట్టిన శీర్షిక ‘51–3: ఒక మధ్యాహ్నం కథ’. మొదటి సందేశంలోనే ఆ అంకె నీడలో జట్టు కలిసిపోయిందని బాధపడ్డారు. ఇప్పుడు వెతుక్కుంటూ వచ్చే కొత్తవారికి కూడా ముందుగా కనిపించేది ఆ అంకే కదా. శీర్షిక మార్చగలరా?

#20 ఎర్రనేల

నిజమే, నాకు తట్టలేదు. నిర్వాహకులను అడిగి మార్పించాను. జట్టు పేరు, ఊరి పేరు, ఆడిన ఏళ్ళు మాత్రమే ఉంచాను. వచ్చే నెలలో హ్యూస్టన్ వెళ్ళేటప్పుడు ఎనిస్‌లో కూడా ఆగుతాను, అక్కడి గ్రంథాలయంలో 1902 నాటి పత్రికల ప్రతులు ఉంటే డెవిట్ పూర్తి పేరు కోసం వెతుకుతాను. దొరికితే ఇక్కడే రాస్తాను. కవర్‌డ్రైవ్ గారు ఆ 944 నాటి ఆంధ్ర బౌలర్ల పేర్లు రాయాలి మరి.